గోలకొండ ఎక్కుటకు ముందు

మెహదీపట్నము నుండి లంగరుహౌసు మీదుగా పడమటికి సాగిపోవు రహదారి, ఒకచోట ఉన్నట్టుండి ఇరుకై, నిలువెత్తులు దాటి లేచిన రాతిగోడల నడుమ మెలిక తిరిగి, ఇనుప మేకులు దిగగొట్టిన పెనుతలుపుల ప్రక్కనుండి లోపలికి దూరును. అదియే ఫతే దర్వాజా. సిటీబస్సు ఒకటి లోపలినుండి వచ్చినదా, ఇవతలి ఆటోలన్నియు హారనులు మ్రోగించుకొనుచు నిలిచిపోవలసినదే. శత్రుసేన పరుగున వచ్చి తలుపులపై పడకుండుటకై నాటి స్థపతులు పెట్టిన ఆ మెలిక నేటికిని తన పని తాను చేయుచునే యున్నది. నిలువరింపబడువారు మాత్రము మారిరి.

ఆ ద్వారము దాటినవాడు కోటలో అడుగుపెట్టినట్లే. ఈ సంగతి చాలమంది యాత్రికులు గమనింపరు. ఇరుప్రక్కల కాపురములున్న యిండ్లు, మసీదులు, బడులు, దర్జీ దుకాణములు, చాయి హోటళ్ళు కనబడుటచేత, ఇది నగరములోని మరియొక పేట యనుకొని, టిక్కెట్టు ఇచ్చుచోటు వచ్చుదాక కోట రాలేదనియే వారి భావన. టిక్కెట్టు కొని మనము చొచ్చునది బాలాహిసారు, అనగా కోటలోని కోట. దానిని చుట్టుకొని ఒక ఊరు, ఆ ఊరిని చుట్టుకొని సుమారు 10 కిలోమీటర్ల ప్రాకారము, ఆ ప్రాకారమున 87 బురుజులు, 8 ద్వారములు, దాని వెలుపల ఒకనాడు నీటితో నిండియుండి నేడు పలుచోట్ల పూడిపోయిన కందకము కలవు. రెండవ గోడ కొండపాదమును చుట్టి వచ్చును. మూడవది కొండమీదనే యున్నది. దానిని గోడ యనుటకంటె కొండకు మనుష్యులు వేసిన అతుకనుట సమంజసము. దక్కను పీఠభూమిపై ప్రకృతి పేర్చిన గండశిలలు ఎక్కడ నున్నవో అక్కడనే యుంచి, వాని నడుమ సందులను మాత్రము చెక్కిన రాళ్ళతో పూడ్చి, కొండయెంత, కట్టడమెంత యని తేల్చుకొన వీలులేకుండ చేసినారు. ఏనుగంత గుండొకటి గోడ మధ్యలో కూర్చుండి, తన యొంపు ననుసరించి పై వరుస రాళ్ళను వంపుగా పేర్పించుకొన్న చోటులు, మెట్ల దారిలో తలయెత్తి చూచినచో అడుగడుగున కనబడును.

రాచకోట యనగానే మనకు స్ఫురించునది వైభవము. గోలకొండలో అది లేదు. తివాసీలు, తెరలు, పూతలు, రంగులు అన్నియు పోయినవి. రాణుల మహలుల గోడలలోని గూళ్ళు బోసిగా చూచుచున్నవి. వానిలో రత్నములుండెడివని మార్గదర్శకులు చెప్పుచుందురు. వైభవమును వెదకువారు గంటసేపటిలో అలసి, మెట్లమీద చతికిలబడి, సోడా త్రాగి, ఫొటోలు తీయించుకొని దిగిపోవుదురు. కాని పోయినది పైపూత మాత్రమే. నూటయిరువది మీటర్ల రాతికొండమీద ఒక రాజ్యము కాపురముండవలెనన్నచో నీరు పైకెక్కవలెను, ధాన్యము నిలువయుండవలెను, క్రింద గుమ్మములో ఎవడు నిలిచినాడో పైనున్నవానికి క్షణములో తెలియవలెను. ఇందులకై చేసిన యేర్పాట్లు రాతిలోను, సున్నములోను, కాల్చిన మట్టిలోను నేటికిని నిలిచియున్నవి. గోలకొండలో చూడదగినవి అవి.

కాకతీయుల కాలమున ఇక్కడ మట్టికోట యుండెనని ప్రతీతి. గొల్లపిల్లవానికి కొండమీద విగ్రహము దొరకుట, రాజు అచ్చట కోట కట్టించుట అను కథ అందరెరిగినదే. ఓరుగల్లు పతనానంతరము తెలుగుదేశమును మరల నిలువబెట్టిన ముసునూరి కాపయనాయకుడు, బహమనీలతో జరిగిన పోరులలో ఓడి, 1363 ప్రాంతమున ఈ దుర్గమును వారికి అప్పగింపవలసివచ్చెను. బహమనీ రాజ్యము కుంగిపోవుచున్న దినములలో, పారసీకదేశపు హమదాను ప్రాంతమునుండి పొట్టచేత పట్టుకొని దక్కనుకు వచ్చిన సుల్తాన్ కులీ అను తురుష్కవీరుడు తెలంగాణమునకు పాలకుడై, ఈ కొండను స్థావరముగ చేసికొనెను. ఆయన స్వతంత్రుడైన సంవత్సరము 1518 అని పాఠ్యపుస్తకములు చెప్పును. అదే సంవత్సరమున బాలాహిసారు సమీపమున ఆయన కట్టించిన జామా మసీదు శాసనములో మాత్రము ప్రభువుగా పేర్కొనబడినవాడు బహమనీ సుల్తాను మహమూదుషాయే! సింహాసనముమీద కూర్చుండుటకును, కూర్చుంటినని చాటుకొనుటకును నడుమ తెలివిగలవాడు కొంత వ్యవధి నుంచును. ఆ వృద్ధుడు 1543లో ప్రార్థన చేయుచుండగా హతుడయ్యెను; చేయించినవాడు కన్నకొడుకగు జంషీదని చరిత్రకారుల మాట.

జంషీదుకు వెఱచి తమ్ముడు ఇబ్రహీము విజయనగరమునకు పారిపోయి, అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. గోలకొండ చరిత్రలో తెలుగువాడు కొంచెము నిలిచి చూడవలసిన ఘట్టమిది. పరదేశపు కొలువులో కాలము గడుపుచు ఆ రాకుమారుడు తెలుగు కవిత్వపు రుచి మరిగెను. 1550లో తిరిగివచ్చి సింహాసనమెక్కిన పిమ్మట ముప్పదియేండ్లు పాలించి, కోటకు రాతిప్రాకారములు కట్టించినవాడును, తెలుగు కవులచేత మల్కిభరాముడని పిలిపించుకొన్నవాడును ఆయనయే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. అచ్చతెలుగులో మొదటి కావ్యమగు పొన్నికంటి తెలగన్న యయాతిచరిత్ర, ఆయన యధికారియగు పటాన్‌చెరువు అమీనుఖానునకు అంకితమయ్యెను. ఆ కుతుబ్‌షాహీ వంశపు ఫర్మానాలు పారసీకముతోపాటు తెలుగులోను వెలువడుచుండెడివి. ఇంతటి ఇబ్రహీమే 1565లో రాక్షసి తంగడి యుద్ధమున, తనకు అన్నము పెట్టిన రామరాయలకు ఎదురుగా కత్తి దూసిన సుల్తానులలో ఒకడు. కవుల అంకితములతో ఆ లెక్క సరిపోయినదని నేననజాలను; కాని రాజనీతిలో కృతజ్ఞతకు ఎంత చోటున్నదో తెలిసినవారు ఆయననొక్కనినే నిందింపజాలరు.

ఇక గుమ్మమునకు వత్తము. బాలాహిసారు ద్వారమునకు ఎదురుగా ఒక అడ్డుగోడ నిలిచియున్నది. ఏనుగు తలుపును పగులగొట్టవలెనన్న దూరమునుండి పరుగెత్తి రావలెను. ఆ పరుగునకు తావులేకుండ చేయుటయే ఈ గోడ ప్రయోజనము. తోరణము పైని సున్నపు పనిలో సింహములు, యాళులు, పక్షులు తీర్చబడియున్నవి; ఒక ముసల్మాను రాజు కోటవాకిట హిందూ శిల్పి చేయి స్పష్టముగా కనబడుచున్నది. లోపల అడుగిడినంతనే గుమ్మటము వంటి కప్పుగల మండపము. అచ్చట ఎప్పుడు చూచినను చప్పట్లే. ఈ చప్పట్లు కొండకొన మీది బారాదరి కడకు వినవచ్చును. బడిపిల్లలొక జట్టు క్రింద నిలిచి, మరియొక జట్టు పైకెక్కి, చేతులూపి సైగలు చేసికొనుచు పరీక్షించుకొనుట సెలవుదినములలో నిత్యదృశ్యము.

ఇందులో మంత్రమేదియు లేదు. బయలున చప్పట్లు చరచినచో ధ్వని అన్ని దిక్కులకును చెదరి, కొంత దూరముననే క్షీణించును. లోపలికి వంగిన కప్పు క్రింద చరచినప్పుడు, పైకి పోవలసిన ధ్వని ఆ వంపుకు తగిలి, ఒక్కచోటికి కూడి, తెరచియున్న వైపునకు బలముగా వెలువడును. ఆ తెరపి కొండకొనకు అభిముఖముగా నుండుటయు, నడుమ అడ్డములు లేకుండుటయు ఇందలి రహస్యము. మండపము నడిమి నుండి నాలుగడుగులు ప్రక్కకు జరిగి చరచి చూడుడు. చప్పుడు అప్పుడే మొద్దుబారును. వచ్చినవాడు మిత్రుడా శత్రువా, ఎందరు వచ్చిరి అను వార్తను చప్పట్ల సంఖ్యనుబట్టి పైకి తెలుపుచుండెడివారని మార్గదర్శకులు చెప్పుదురు. సంఖ్యల సంగతి యెట్లున్నను, మెట్లెక్కి వార్తాహరుడు చేరులోపల వార్త తానే చేరుట మాత్రము మన చెవులకు తెలియుచున్నది.

నీటి విషయము ఇంతకంటె ఆశ్చర్యకరము. దానిని చూచువారు ఇంతకంటె తక్కువ. కోటకు ఉత్తరముగా కొన్ని కిలోమీటర్ల దూరముననున్న దుర్గము చెరువు గోలకొండకు మంచినీరిచ్చిన జలాశయము. అచ్చటినుండి మట్టిగొట్టముల వెంబడి వచ్చిన నీరు కొండపాదమున చేరును. అటుపైన ఎక్కుట యెట్లు? కొండవాలున ఒకదానిమీద నొకటిగా తొట్లు కట్టి, ఎద్దులచేత త్రిప్పించు పారసీక చక్రములతో క్రింది తొట్టినుండి పై తొట్టికి, అటనుండి ఆపై తొట్టికి తోడించెడివారు. ఒక్కసారిగా నూటయిరువది మీటర్లు ఎత్తుట యే యెద్దుకును శక్యము కాదు గనుక ఎత్తును ముక్కలుగా కోసినారన్న మాట. పైకి చేరిన నీరు మరల పల్లమెరిగి, గోడలలో దాచిన గొట్టముల గుండ స్నానవాటికలకును, తోటలకును, అంతఃపురపు నడిముంగిట ఫౌంటెనుకును పారెడిది. ఆ గొట్టములు ఇప్పటికిని కలవు. సున్నము ఊడిన గోడలలో, మోచేయి ఎత్తున, ఎర్రగా కాలిన మట్టిగొట్టపు ముక్క ఒకటి బయటపడి కనబడును. దగ్గరకు పోయి చూచినచో, ఒక గొట్టపు సన్నని మొన మరియొకదాని వెడల్పు నోటిలో ఇమిడియుండుట, ఆ సందున కూరిన సున్నపుగచ్చు రాయివలె గట్టిపడియుండుట స్పష్టముగా తెలియును. రాణి యెవతె యే గదిలో నివసించినదో చెప్పుటకు మార్గదర్శకులకు ఉత్సాహ మెక్కువ. ఈ గొట్టపు ముక్కను చూపుమని మనమే అడుగవలెను.

మెట్లు 350కి పైబడియుండును. ఎత్తులు సమానముగా లేవు. తొందరపడక, కొండకు ఎడమ కుడులు చూచుచు ఎక్కినచో ప్రయాసము తెలియదు. అక్కన్న మాదన్నల కచ్చేరీ యని చూపు శిథిలములు పాదముననే యున్నవి. కడపటి సుల్తానగు అబుల్ హసన్ తానాషా కొలువులో హనుమకొండ బ్రాహ్మణులగు ఈ సోదరులు రాజ్యభారమంతయు మోసిరి. 1686లో వీథిలో హత్యచేయబడిరి. వారి మేనల్లుడే రామదాసని పేరొందిన కంచెర్ల గోపన్న.

సగము కొండ యెక్కినప్పుడు అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు అంబరుఖానా, అనగా ధాన్యపు కొట్టు వచ్చును; 1642 నాటి పారసీక శాసనము దానిని గూర్చి చెప్పుచున్నది. ఆ సమీపముననున్న చీకటి గదియే రామదాసు బందిఖానా. ఇదియు మొదట సామగ్రి నిలువచేయు కొట్టేయని పండితుల యభిప్రాయము. కప్పులోని రంధ్రములనుండి సరకు క్రిందికి దింపెడివారట. పాల్వంచ తహసీలుదారగు గోపన్న పన్నుల సొమ్ముతో భద్రాచలమున రామాలయము కట్టించి, ఇందు పండ్రెండేండ్లు మ్రగ్గెనని మన జనశ్రుతి. గదిలోనికి దిగిన కన్నులకు మొదట ఏమియు కనబడదు. కొంతసేపటికి, పైకప్పు రంధ్రమునుండి పడిన వెలుగులో, గోడమీద చెక్కిన సీతారామలక్ష్మణులును, ఆంజనేయుడును తేటపడుదురు; గోటితో గీచినట్లున్న ఆ బొమ్మలకు పసుపు కుంకుమలు పెట్టినవారు నిన్నటి భక్తులు. చరిత్రకారుడు ఇచ్చట ఆధారములు వెదకుకొనవచ్చును. అయితే రామలక్ష్మణులు రాత్రివేళ వచ్చి తానాషాకు బాకీ తీర్చిరని పాడుకొను జాతి, ఆ సుల్తానును రాక్షసునిగా గాక రామదర్శనము పొందిన పుణ్యాత్మునిగా చిత్రించుకొనుట నాకు కడు విలువైన విషయముగా తోచును. శ్రీరామనవమికి ప్రభుత్వము భద్రాద్రికి ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారమును ఆయన పేరనే చెప్పుకొందురు.

ఇంకను పైకి పోగా, గండశిలల నడుమ జగదాంబ మహంకాళి గుడి. జంటనగరములలో ఆషాఢమాసపు బోనాలు మొట్టమొదట ఎత్తునది ఇచ్చటనే. తరువాతనే సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి, లాల్ దర్వాజా. వేపమండలు చుట్టి, దీపము పెట్టిన కుండ నెత్తిన నిలుపుకొని, ఈ ఎగుడుదిగుడు మెట్లన్నియు చేయి ఆనించకుండ ఎక్కిపోవు స్త్రీలను చూచినవానికి, తన ఆయాసమును గూర్చి చెప్పుకొనుటకు నోరు రాదు. గుడికి కొంచెము దూరముననే ఇబ్రహీము మసీదు.

కొండకొన బారాదరి, రెండంతస్తుల దర్బారు భవనము. ఇచ్చట గాలి ఎండను మరపించును. తూర్పున చార్మినారు మీనారులు మబ్బులేని దినమున కనబడును; 1591లో నగరము అటు తరలుటకు కారణము, ఈ ప్రాకారములలో జనము పట్టకపోవుటయు, నీటికి కటకట యేర్పడుటయు నని చెప్పుదురు. ఉత్తరమున సమాధుల గుమ్మటములు. వాయవ్యమున గచ్చిబౌలి, మాదాపురముల అద్దాల మేడలు రేగడిలో జొన్నవలె లేచియున్నవి. ఆ మేడల నడుమ 2020లో తెరచిన తీగల వంతెన యేదో, దాని క్రింద మెరయునదియే మన దుర్గము చెరువు. గోలకొండకు నీరుపోసిన చెరువు ఇప్పుడు విహారస్థలమైనది.

ఇంత పకడ్బందీ కోట ఎట్లు పడినది? 1656లో రాకుమారుడుగా వచ్చి ముట్టడించిన ఔరంగజేబు, తండ్రి ఆజ్ఞచే వెనుకకు మరలెను. 1687లో చక్రవర్తియై మరల వచ్చి, ఎనిమిది మాసములు గోడల క్రింద కూర్చుండెను. వానలు, కరవు, రోగములు లోపలివారిని గాక వెలుపలివారినే ఎక్కువగా బాధించినవి. బురుజుల క్రింద సొరంగములు త్రవ్వి మందు దట్టించగా, అది వెనుకకు ప్రేలి మొగలు సైనికులనే చంపెను. ఒకరాత్రి నిచ్చెనలు వేసి కొందరు గోడ యెక్కిరి. పైనున్న ఊరకుక్క యొకటి మొరిగి కావలివారిని లేపెను. తానాషా ఆ కుక్కకు బంగారు పట్టెడ వేయించెనట. తుదకు సెప్టెంబరు మాసమున, లంచము తిన్న సేనాని యొకడు రాత్రివేళ గుమ్మము తెరచెను. ఎన్ని తొట్లు, ఎన్ని చప్పట్లు, ఎన్ని మెలికలు పెట్టినను, తలుపు లోపలి గడియను తీయు చేతికి స్థపతియొద్ద ఉపాయము లేదు. అబ్దుల్ రజాక్ లారీ యను సేనాని యొక్కడు దేహమంతయు గాయములతో తూట్లుపడువరకు పోరాడెను. ఔరంగజేబు తన వైద్యులచేతనే అతనికి చికిత్స చేయించెను. మొగలు అధికారులు తన్ను బంధించుటకు వచ్చునప్పటికి తానాషా భోజనవేళ యైనదట; వారిని కూర్చుండుమని, తాను నెమ్మదిగా భుజించి, చేతులు కడిగికొని వెడలెను. మిగిలిన జీవితము దౌలతాబాదు దుర్గమున బందీగా గడచినది.

వజ్రముల మాట యెత్తకున్న పాఠకులు కోపింతురు. గోలకొండలో వజ్రములు పుట్టలేదు, అమ్ముడుపోయినవి. పుట్టినది కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు గనులలో. ఫ్రెంచి రత్నవర్తకుడు టావర్నియే కొల్లూరులో 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసినాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీటిలో మునిగినది.

దిగివచ్చినవారిలో ఓపిక యున్నవారు నయా ఖిలా వైపు పోవలెను. 1656 ముట్టడిలో శత్రువునకు ఉపకరించిన మెట్టను అబ్దుల్లా ప్రాకారములోనికి కలుపుకొని కట్టించిన భాగమిది. ఇందు ఆఫ్రికానుండి వచ్చిన బ్రహ్మామ్లిక యొకటి కలదు. దాని మాను చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. దానిని ఏనుగుల చెట్టు అందురు. లోపలి తొఱ్ఱలో మనుష్యులు నిలువవచ్చును.

కుతుబ్‌షాహీ సమాధులు బంజారా దర్వాజాకు కిలోమీటరు లోపుననే యున్నవి. 2013 నుండి జరిగిన జీర్ణోద్ధరణచేత అచ్చటి దిగుడుబావియు, గుమ్మటములును చక్కబడినవి. కోటలో ఊడిపోయిన రంగులెట్టివో తెలియగోరువారు అచ్చట ఇబ్రహీము సమాధి దక్షిణపు గోడను చూడవలెను. మెరుగుపెట్టిన రంగుపలకలు కొన్ని నేటికిని అంటుకొనియున్నవి. కాని కోటను చక్కగా చూచినవాని కాళ్ళు ఆనాడు సమాధులకు సహకరింపవు. సమాధులకు మరియొక పూట కేటాయించుకొనుట మేలు. కోటకు మాత్రము ఉదయమే, ఎండ ముదరకముందే పోవలెను. నీళ్ళసీసా మరువరాదు, ఎద్దుల చక్రములు ఇప్పుడు లేవు గదా.